ముందు నాకు వెయ్యమ్మా

నిరుడు జూన్‌లో, నాకు ఐదో నెల నిండుతుండగా, డాక్టరుగారు ఫ్లూ టీకా మాట ఎత్తారు. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

డాక్టర్ బాలాత్రిపురసుందరి గారు రాజమండ్రిలో పాతికేళ్ళుగా కాన్పులు చేస్తున్నారు. ఎవరి మీదా గొంతు పెంచరు. నా ఫైలు మూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి చెప్పారు.

"వానలు మొదలైపోయాయి. ఈ నెల్లోనే ఫ్లూ ఇంజెక్షన్ ఒకటి వేయించుకో లావణ్యా. మీది నర్సరీ. ఎక్కడెక్కడి నుంచో లారీలు వస్తాయి, మనుషులొస్తారు."

"మొన్న ఒకటి వేశారు కదండీ," అన్నారు మా ఆయన.

"అది ధనుర్వాతానికి. ఇది వేరు."

"జలుబుకి కూడా సూదెందుకండీ?"

"జలుబు కాదు దుర్గాసాయిగారూ. కడుపుతో ఉన్నవాళ్ళకి ఫ్లూ వస్తే ఒక్కోసారి ఊపిరితిత్తులకి పాకుతుంది. అప్పుడు తల్లికీ, లోపల బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమే."

"మాకొద్దండి," అని ఆయన తలుపు వైపు నడిచారు. డాక్టరుగారు నా వైపు చూశారు. నేను తల దించుకుని ఫైలు తీసుకున్నాను.

కారు వేమగిరి దాటాక ఆయన అన్నారు.

"మొదటిసారి ఏం జరిగిందో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. అంతకు రెండేళ్ళ ముందు మూడో నెలలో పన్నునొప్పికని ఒక మాత్ర వేసుకున్నాను. వారం తిరక్కుండా కడుపు పోయింది. దానికీ దీనికీ సంబంధం లేదని ఇదే డాక్టరుగారు మాకు రెండుసార్లు చెప్పారు. ఆయన నమ్మలేదు. అప్పటి నుంచీ మా ఇంట్లో నాకు దగ్గొచ్చినా మిరియాల పాలే, తలనొప్పి వచ్చినా అమృతాంజనమే. నేనంటే ప్రేమ లేక కాదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నా కాళ్ళ దగ్గర కూర్చుని నాకంటే ఎక్కువ ఏడ్చిన మనిషి ఆయన.

మాది కడియం పక్కన పులంకలో ఆరెకరాల నర్సరీ. మామిడంట్లు, సపోటా, కొద్దిగా పూలమొక్కలు. అంట్లు కట్టడం మా అత్తగారు రత్నమాణిక్యం చేతి పని. ఆవిడకి అరవై రెండేళ్ళు, పదేళ్ళుగా షుగరు. నీడ కోసం కట్టిన గ్రీన్ నెట్ కింద పీట వేసుకుని కూర్చుంటే పొద్దున్నుంచి సాయంత్రానికి మూడొందల మొక్కలు ఆవిడ చేతుల మీదుగా వెళ్తాయి. రెమ్మ చెక్కడం, చీల్చిన కాండంలో దింపడం, టేపు చుట్టడం. ఆ పని చేసేటప్పుడు ఆవిడ ఎవరి ముఖంలోకీ చూడరు.

ఆవేళ కూడా చూడకుండానే అడిగారు.

"డాక్టరమ్మ ఏమంది?"

బరువు, బీపీ, స్కానింగు అన్నీ చెప్పాను. చివర్లో టీకా సంగతీ, వాళ్ళబ్బాయి వద్దన్న సంగతీ చెప్పాను. ఆవిడ కూడా "మంచి పని చేశాడు" అంటారనుకున్నాను.

"దేనికన్నావు ఆ సూది?"

"ఫ్లూకండి అత్తయ్యగారూ."

"ఫ్లూకి," అన్నారు ఆవిడ. చేతిలో ఉన్న మొక్కకి టేపు చుట్టడం పూర్తిచేసి పక్కన పెట్టారు. ఇంకో మొక్క తీసుకున్నారు. "చిత్తడిగా ఉంది, జారతావు. లోపలికెళ్ళు."

అంతే. ఆ వారమంతా ఇక ఆ మాటే లేదు.

ఆ తర్వాతి గురువారం మా ఆయన అనంతపురం వెళ్ళారు. అక్కడెవరో కొత్తగా మామిడితోట వేస్తుంటే మూడు వేల అంట్లు దింపి, గుంటలు దగ్గరుండి చూసి, రెండు రోజుల్లో వస్తానన్నారు. శుక్రవారం పొద్దున్న నేను దోసెలు వేస్తుంటే అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"రాజమండ్రి వెళ్ళాలి. కళ్ళు చూపించుకోవాలి. నువ్వూ రా."

నాకు వింతగా అనిపించింది. నేను కాపురానికి వచ్చిన నాలుగేళ్ళలో ఆవిడ రాజమండ్రిలో ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు. షుగరు పరీక్షకి కూడా కడియంలోనే రక్తం ఇచ్చి, కాగితం మా ఆయన చేత పంపేవారు. కళ్ళజోడు ఊళ్ళో శిబిరం పెట్టినప్పుడు ఇచ్చిందే.

ఆటోలో ఆవిడ నా పక్కన బిగుసుకుని కూర్చున్నారు. దేవీచౌక్ దగ్గర దిగాక కంటాసుపత్రి వైపు తిరగబోతే నా మోచెయ్యి పట్టుకున్నారు.

"అటు కాదు. మీ డాక్టరమ్మ దగ్గరికి."

టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాం. మా ముందు తొమ్మిది మంది ఉన్నారు. అందరూ నాలాంటి వాళ్ళే. ఒకామె ఒళ్ళో మూడేళ్ళ పిల్ల బిస్కెట్టు తింటోంది. అత్తగారు ఆ పిల్లనే చూస్తూ, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పారు.

"మా తులసి కాన్పులో పోలేదు."

తులసి అంటే రామతులసి, మా ఆయన అక్కగారు. మా హాల్లో టీవీ పైన ఆవిడ ఫోటో ఉంటుంది. నేను ఆవిణ్ణి చూడలేదు. ఇరవై మూడేళ్ళకి కాన్పులో పోయిందని పెళ్ళిచూపుల నాడే మా వాళ్ళకి చెప్పారు. ఊళ్ళో ఎవరిని అడిగినా అదే మాట.

"ఏడో నెల. పురిటికి మన ఇంటికొచ్చి ఉంది. జ్వరంతో పోయింది. అప్పుడు స్వైన్ ఫ్లూ అని అందరూ ముక్కులకి గుడ్డలు కట్టుకు తిరిగారే, ఆ ఏడాది. సోమవారం దగ్గు మొదలైంది. గురువారానికి ఊపిరి అందలేదు. పెద్దాసుపత్రిలో అద్దం తలుపు వెనకాల పెట్టారు. అద్దంలోంచి చెయ్యి ఊపింది నాకు. ఆదివారం కవర్లో చుట్టి ఇచ్చారు."

నేను ఆవిడ వైపు జరిగి కూర్చున్నాను.

"ఊళ్ళోవాళ్ళు ఎవరూ రాలేదు. వాళ్ళననేదేం లేదు, భయం. పాడె మోయడానికి అప్పటికున్న మీ మామగారూ, ఆయన తమ్ముడూ, అల్లుడూ తప్ప నాలుగో మనిషి కోసం కబురు మీద కబురు పెట్టాం. తర్వాత ఎవరడిగినా కాన్పులో పోయిందని చెప్పాం. కాన్పు అంటే అయ్యో అంటారు. జ్వరం అంటే గుమ్మం బయటే ఆగిపోతారు. చెప్పగా చెప్పగా అదే ఉండిపోయింది."

"ఆయనకి తెలుసా అండీ?"

"తెలీకపోవడమేంటి," అన్నారు ఆవిడ. ఏదో అనబోయి ఆగి, కొంగు సర్దుకున్నారు. "అప్పటికి ఈ సూది ఇంకా రాలేదంట. లేదు గనక వేయించలేదు. ఇప్పుడుంది."

డాక్టరుగారు మమ్మల్నిద్దర్నీ చూడగానే కలం తీశారు. చీటీ రాసి నర్సు దగ్గరికి పంపారు. నర్సు పేరు క్రిస్టినా. చిన్న ఫ్రిజ్ తలుపు తీసి డబ్బా బయటికి తీసింది. నేను స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపబోతుంటే అత్తగారు నా భుజం మీద చెయ్యేసి లేపారు. తనే కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి మడిచారు.

"ముందు నాకు వెయ్యమ్మా."

"మీకు రాయలేదు కదండీ," అంది క్రిస్టినా.

"రాయించుకొస్తాను. ఈ పిల్లా నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. నేను వండింది తింటుంది. నాకొస్తే దీనికి రాదా?"

క్రిస్టినా లోపలికెళ్ళి అడిగి వచ్చింది. "షుగరుందా అని అడుగుతున్నారు మేడం."

"పదేళ్ళుగా."

"అయితే మీకు మరీ కావాలన్నారండి."

ఆవిడకి వేశాక నాకు వేసింది. రెండు వారాలు పడుతుంది పని చెయ్యడానికి, చెయ్యి నొప్పి పుడుతుంది, ఒళ్ళు వెచ్చబడితే కంగారు పడొద్దు, ఈ సూది నుంచి ఫ్లూ అంటుకోదు, మళ్ళీ ఏడాదికి ఇంకోటి వేయించుకోవాలి అని చెప్పి అరగంట కూర్చోమంది. ఆ అరగంటా అత్తగారు నా ముఖంలోంచి చూపు తిప్పలేదు.

బయటికి వచ్చాక అడిగాను. "ఆయనకి ఏం చెబుదామండీ?"

"నేను చెబుతాలే. సమయం చూసి."

ఆ సమయం ఆవిడకి దొరకలేదు. నాకూ దొరకలేదు. ఆ పై వారం రోజులు నేను పడిన భయం నాకే తెలుసు. నిద్ర లేవగానే పొట్ట మీద చెయ్యేసుకుని బిడ్డ కదిలేదాకా మంచం దిగేదాన్ని కాదు. ఏమైనా అయితే, ఆయనకి చెప్పకుండా చేసినదాన్ని అయిపోతానని. ఏమీ కాలేదు. అత్తగారికి మర్నాడు కాస్త ఒళ్ళు వెచ్చబడింది. అయినా పీట మీద కూర్చుని అంట్లు కట్టారు.

జూలై, ఆగస్టు మాకు పంట కోత లాంటిది. వాన పడిందంటే దేశమంతా మొక్కలు నాటాలనుకుంటుంది. రోజూ రెండు లారీలైనా వచ్చి గేటు ముందు ఆగేవి. నాసిక్ నుంచి, రాయచూరు నుంచి, ఒడిశా నుంచి. డ్రైవర్లు మా వరండాలోనే టీ తాగేవారు. లోడింగు వాళ్ళు తడుస్తూనే మొక్కలు అందించేవారు. ఆగస్టు మూడో వారంలో వాళ్ళలో ఒకడు రాలేదు. మర్నాడు ముగ్గురు రాలేదు. "జొరాలండి బాబూ, ఊరంతా జొరాలే" అంది సంపూర్ణమ్మ. ఈవిడ అత్తగారితో పాటు నలభై ఏళ్ళుగా అంట్లు కడుతున్న మనిషి. మనుషులు తక్కువై మా ఆయనే లారీ ఎక్కి మొక్కలు సర్దారు.

శనివారం ఆయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాలేదు. పనిలో ఉన్నారనుకున్నాను. సాయంత్రం కాస్త ఎండ వస్తే టిఫిన్ క్యారేజీ పట్టుకుని నేనే నర్సరీలోకి వెళ్ళాను. ఎరువుల బస్తాలు పెట్టే గదిలో ఒక మడతమంచం ఉంటుంది. దాని మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే లేచి అరిచారు.

"అక్కడే ఆగు!"

నా మీద ఆయన అరవడం అదే మొదటిసారి. ఆగిపోయాను.

"ఏంటండీ?"

"దగ్గరికి రాకు. వెనక్కెళ్ళు. ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకో. కాదు, మీ అమ్మావాళ్ళింటికి వెళ్ళిపో. అంబాజీపేటకి కారు మాట్లాడతాను, ఇప్పుడే." ఫోను తీశారు. అది చేతిలోంచి జారి బస్తాల మధ్య పడిపోయింది. వెతుక్కోవడానికి వంగి దగ్గు ఆపుకోలేక అలాగే ఉండిపోయారు.

నా వెనకే అత్తగారు వచ్చారు. ముఖానికి మాస్కు, చేతిలో రాగిజావ గ్లాసు. నన్ను పక్కకి జరగమని తిన్నగా లోపలికి వెళ్ళబోయారు.

"అమ్మా, నువ్వూ రాకు! ఏడో నెల దానికి. తెలుసా నీకు? ఏడో నెల!"

"నాకు తెలీదా?" అన్నారు ఆవిడ. "నాకు సూది వేశారు. జూన్‌లో. దానిక్కూడా వేశారు."

"ఏం సూది?"

"ఫ్లూ సూది. నువ్వు అనంతపురం వెళ్ళినప్పుడు."

ఆయన నా వైపు చూశారు. కేకలేస్తారనుకున్నాను. ఏం చెప్పాలో ఆ రెండు నెలల్లో వంద రకాలుగా అనుకుని ఉన్నాను.

"నిజంగా వేశారా?" అని అడిగారు. వాళ్ళమ్మగారిని కాదు, నన్ను.

"ఆయ్, వేశారండి."

"రెండు నెలలైందా?"

"దాటిందండి."

ఆయన మెల్లగా బస్తా మీద కూర్చుని మెడలో తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. దగ్గో ఏడుపో నాకు తెలియలేదు. అత్తగారు జావ గ్లాసు కిటికీలో పెట్టి ఆయన నుదుటి మీద చెయ్యి వేశారు. కాసేపటికి ఆయన తువ్వాలు తీసి, "అయినా సరే, దగ్గరికి రాకు లావణ్యా" అన్నారు. ఈసారి అరవలేదు.

మంగళవారానికి ఆయనకి రెండు మెట్లు ఎక్కినా ఆయాసం వచ్చింది. రాజమండ్రి తీసుకెళ్తే పరీక్ష చేసి ఫ్లూ అన్నారు, ఎడమ ఊపిరితిత్తిలో న్యుమోనియా అన్నారు. ముప్పై రెండేళ్ళ మనిషి, బస్తా ఒంటిచేత్తో ఎత్తే మనిషి, ఆరు రోజులు మంచం మీద ఉన్నారు. అందులో మూడు రోజులు ఆక్సిజన్ గొట్టంతో. అత్తగారు పొద్దున్నే వంట చేసి వెళ్ళి సాయంత్రం వచ్చేవారు. పదిహేనేళ్ళుగా ఆసుపత్రి పేరెత్తని మనిషి వార్డు ఎక్కడో, మందుల షాపు ఎక్కడో, ఏ సిస్టరు ఏ పూట వస్తుందో అన్నీ కంఠతా పట్టేశారు.

బుధవారం నాకూ ఒళ్ళు కాలింది.

అప్పుడు నేను ఏడ్చాను. దాచుకోవడమెందుకు, వరండాలో కూర్చుని సంపూర్ణమ్మ ఎదురుగానే ఏడ్చాను. డాక్టరుగారికి ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నారు. అత్తగారు ఆయన్ని వాళ్ళ చిన్నాన్నగారికి అప్పగించి నా కోసం వచ్చారు. డాక్టరుగారు ఛాతీ చూశారు, ఆక్సిజన్ చూశారు, బిడ్డ గుండె వినిపించారు. ఇదీ ఫ్లూయేనని ఆ పూటే మాత్రలు మొదలుపెట్టారు.

"టీకా వేయించుకున్నాను కదండీ, మరెందుకొచ్చింది?" అని అడిగాను. కొంచెం కోపంగానే అడిగి ఉంటాను.

"అసలు రానే రాదని నేను చెప్పలేదమ్మా. కొందరికి వస్తుంది. వచ్చినా మీ ఆయనకి అయినంత దూరం పోకుండా చాలావరకూ కాపాడుతుంది. రెండు రోజులు చూద్దాం. ఊపిరి బరువైతే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా వచ్చెయ్యి."

ఆ రెండు రోజులూ అత్తగారు నా పక్కనే కింద చాప వేసుకుని పడుకున్నారు. మాస్కు తియ్యలేదు. నేను దగ్గినప్పుడల్లా లేచి కూర్చునేవారు. మూడో రోజు పొద్దున్న జ్వరం లేదు. ఆకలేసింది. ఇడ్లీ అడిగితే ఆవిడ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఇడ్లీలు బాగా ఆలస్యంగా వచ్చాయి. ఆవిడకి ఆ సీజనంతా జ్వరం రాలేదు.

ఆయన్ని ఇంటికి పంపే ముందు రోజు నన్ను చూడటానికి రానిచ్చారు, మాస్కు పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడాలన్న షరతు మీద. నేను వెళ్ళేసరికి తలుపు ఓరగా ఉంది. అత్తగారు మంచం పక్కన కూర్చుని బత్తాయి వొలుస్తున్నారు. ఆయన పైకప్పు వైపు చూస్తూ మాట్లాడుతున్నారు. నేను బయటే ఆగాను.

"అక్కకి నేనే తెచ్చాను."

"ఊఁ."

"హాస్టల్ నుంచి జ్వరంతో వచ్చాను. రెండు రోజులు నా తల మీద తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. మూడో రోజు దానికి మొదలైంది."

"నాకు తెలుసు."

"తెలిసి ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా అనలేదేం?"

"ఏమనాలిరా? పదిహేడేళ్ళ పిల్లాడివి. జ్వరమొస్తే ఇంటికి రాక ఎక్కడికి పోతావు?" బత్తాయి తొన మీద తెల్లటి పొర తీసి ఆయన చేతిలో పెట్టారు. "నీ గదిలోకి దాన్ని పంపింది నేను. ఆవేళ నాన్నగారి చెల్లెలు వాళ్ళు వచ్చారు, వంటింట్లో పనుంది. తమ్ముడి దగ్గర కూర్చో అన్నాను. ఆ మాట నేనూ ఎవరికీ చెప్పలేదు. తిను."

ఆయన తిన్నారు. ఆవిడ ఇంకో తొన వొలిచారు. నేను కారిడార్ చివరిదాకా నడిచి, మళ్ళీ చెప్పుల చప్పుడు వినబడేలా వచ్చాను.

ఇంటికొచ్చాక ఆయన టీకా సంగతి ఒక్కసారే ఎత్తారు. నేను ఆయనకి అన్నం వడ్డిస్తున్నాను. "నాకు చెప్పాల్సింది" అన్నారు. "చెబితే మీరు ఒప్పుకునేవారా?" అన్నాను. "లేదు" అన్నారు. "అయినా చెప్పాల్సింది." అది నిజమే. నేను సరేనన్నాను. ఇక ముందు దాచనని అన్నాను, ఇప్పటిదాకా దాచలేదు.

అక్టోబరు ఇరవై నాలుగున పాప పుట్టింది. రెండు కిలోల తొమ్మిదొందల గ్రాములు. సహస్ర అని పేరు పెట్టుకున్నాం. డిశ్చార్జి కాగితాలు రాస్తూ డాక్టరుగారు, పాపకి ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వెయ్యకూడదనీ, నా ఒంట్లోంచి వెళ్ళిన రక్షణ కొన్నాళ్ళు ఉంటుందనీ, చలికాలంలో మళ్ళీ జ్వరాలు వస్తాయి కాబట్టి పాపని ఎత్తుకునేవాళ్ళు వేయించుకుంటే మంచిదనీ చెప్పారు.

"నాకొకసారి వచ్చి పోయింది కదండీ. అయినా వెయ్యొచ్చా?" అన్నారు మా ఆయన.

"వెయ్యొచ్చు. ఫ్లూలో ఒక్క రకమే ఉండదు."

ఆయన క్రిస్టినా గదిలోకి వెళ్ళారు. సూది అంటే ఆయనకి భయమని నాకప్పుడే తెలిసింది. తల పక్కకి తిప్పుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

నవంబరులో ఒక ఆదివారం ఆయన నర్సరీ వ్యాను గ్రీన్ నెట్ పక్కన నిలబెట్టారు. అంట్లు కట్టే ఆడవాళ్ళు పదకొండు మంది. పాపని దించకుండా ఒకరి చేతుల్లోంచి ఒకరు తీసుకుంటూ ఉండేవారు. రాజమండ్రి వెళ్ళి అందరూ ఫ్లూ టీకా వేయించుకుని రావాలనీ, ఖర్చు నర్సరీదేననీ, మర్నాడు ఒళ్ళు నొప్పులొస్తే పనిలోకి రానక్కర్లేదనీ ఆయన చెప్పారు.

ఎవరూ కదల్లేదు.

"కరోనాకి మూడేయించుకున్నామండి, చాలదేటండి?" అంది ఒకావిడ.

"సూదేసుకుంటేనే జొరమొత్తాదంటండి," అంది ఇంకొకావిడ.

ఆయన ఫోనులో ఎవరో డాక్టరు మాట్లాడిన వీడియో పెట్టారు. మర్యాదకి చూశారు. చూసి మళ్ళీ చాకులు పట్టుకున్నారు. ఆయన నా వైపు చూశారు. నేను అత్తగారి వైపు చూశాను.

అత్తగారు పీట మీద నుంచి లేవలేదు. చేతిలో రెమ్మ చెక్కుతూనే, "మా తులసి కాన్పులో పోలేదు" అన్నారు.

చాకులన్నీ ఆగిపోయాయి. ఆవిడ చాకు మాత్రం ఆగలేదు.

"ఫ్లూ జ్వరంతో పోయింది. ఏడో నెలలో. పోయిన ఆగస్టులో మా కోడలికీ అదే ఏడో నెల, అదే జ్వరం. దీనికి సూది పడింది. బతికి మీ ఎదురుగా నిలబడింది." చెక్కిన రెమ్మని కాండంలో దింపి టేపు చుట్టారు. "సూది వల్లే అని నేను డాక్టర్నేం కాదు చెప్పడానికి. నాకు తెలిసింది చెప్పాను."

తర్వాత సంపూర్ణమ్మ గొంతు వినబడింది. తులసి వదినని చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన మనిషి ఆవిడ.

"అప్పుడు నేను రాలేదు రత్నం. మీ వీధి చివరిదాకా వచ్చాను. కాలు ముందుకి పడలేదు. తిరిగి వెళ్ళిపోయాను."

"చూశాను," అన్నారు అత్తగారు. "అరుగు మీదే ఉన్నాను."

సంపూర్ణమ్మ తల వంచుకుని ఒళ్ళో ఉన్న మొక్కని కింద పెట్టింది. నీళ్ళ గోలెంలో చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది.

"ఏ చేతికేత్తారు?"

"ఎడం చేతికి వెయ్యమని చెప్పు. రేపు పనుంది."

పదకొండు మందిలో ఏడుగురు వ్యానెక్కారు. మిగిలిన నలుగురూ ఎంత చెప్పినా రాలేదు. మా ఆయన బండి స్టార్టు చేస్తుండగా అత్తగారు కాళ్ళ మీద మట్టి దులుపుకుంటూ లేచి, వెనక తలుపు పట్టుకుని లోపలికెక్కారు.

"మీకు అయిపోయింది కదండీ అత్తయ్యగారూ," అన్నాను.

"నాకు కాదులే," అన్నారు ఆవిడ. "సంపూర్ణం ఎప్పుడూ ఆ ఆసుపత్రి చూడలేదు. తోడు వెళ్ళొస్తాను."

సంపూర్ణమ్మ జరిగి పక్కన చోటిచ్చింది.